చెరలోనున్న వారికి ఒక ఉత్తరము

వాక్యభాగము: యిర్మీయా 29:1–14



గత నెల మొదటి ఆదివారమున ఆరాధన ముగిసిన తరువాత, ప్రార్థన మనవుల చీట్లను ఇంటికి తెచ్చుకొని మరల చదివితిమి. పదునాలుగు చీట్లు. అందులో తొమ్మిది కువైటునకు సంబంధించినవి. ఒకరికి వీసా రావలెను. ఒకరి అకామా గడువు పొడిగింపబడవలెను. ఒకరు పంపవలసిన డబ్బు ఈ నెల ఆలస్యమైనది, వడ్డీ పెరుగుచున్నది. ఇంకొకరి కుమార్తె పంపు సొమ్ముతో ఇంటికి శ్లాబు పడవలెను. ఇవన్నియు దేవుని సన్నిధికి తేదగిన మనవులే. అయితే అక్కడనున్న మనిషి ప్రాణము ఎట్లున్నదో, ఆమె ఏమి తలపోయుచున్నదో, ఆ తొమ్మిదింటిలో ఒక్కదానియందును లేదు. ఈ సంగతి ఆ రాత్రి మమ్మును నిద్రపోనియ్యలేదు. ఆ లోపము చీట్లు వ్రాసినవారిది మాత్రమే కాదని మేమెరుగుదుము.

క్రీస్తుకు పూర్వము 597వ సంవత్సరమున యెకొన్యా రాజుతోకూడ పెద్దలును, చేతిపనివారును బబులోనునకు కొనిపోబడిరి. యెరూషలేములో మిగిలినవారు, పోయినవారు యెహోవాకు దూరమైరనియు, ఇక ఈ భూమి తమదేననియు చెప్పుకొనిరని యెహెజ్కేలు 11వ అధ్యాయములో చూచుచున్నాము. (అక్క కువైటులో నుండగా ఆమె వాటా గట్టును లోపలికి జరుపుకొను అన్నదమ్ములు మన గ్రామములలోను లేకపోలేదు.) యిర్మీయా మాత్రము కలము పట్టెను. రాజకార్యముమీద బబులోనునకు పోవుచున్న ఎల్యాశా, గెమర్యా అను ఇద్దరి చేతికి ఉత్తరమిచ్చి పంపెను. ఆ దారి ఎంత దూరమనగా, తరువాతి కాలమున ఎజ్రా బబులోనునుండి యెరూషలేము చేరుటకు నాలుగు నెలలు పట్టినది. అంత దూరము పోయిన ఆ ఉత్తరములో కానుకలు పంపుడని యొక్క మాటయు లేదు. ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుకొనుడి, పిల్లలను కని పెంచుకొనుడి, మీరున్న పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించుడి అని యుండెను. డెబ్బది యేండ్లు పట్టునని కూడ ఉండెను.

ఆ బబులోను శిథిలములు నేడు ఇరాకు దేశములో హిల్లా అను పట్టణము దగ్గర నున్నవి. ఇరాకు దక్షిణపు పొలిమేర దాటినయెడల కువైటే. అనగా గోదావరి లంకలనుండియు, కడప వైపు పల్లెలనుండియు పోయిన మన ఆడబిడ్డలు ఆ ఉత్తరము చేరిన చోటికి పొరుగుననే యున్నారు. ఒక భేదము గలదు. ఆ కాలపు చెరవారు తమ సితారాలను చెట్లకు తగిలించి ఏడ్చుటకైనను వారికి నదులుండెనని 137వ కీర్తన చెప్పుచున్నది. కువైటుకు ఒక్క నదియు లేదు. త్రాగు నీరు సహా సముద్రపు నీటినుండి ఉప్పు తీసివేసి చేసినదే.

మన సంఘపు సహోదరి యొకతె ఆరేండ్లుగా అక్కడ ఒక ఇంటిలో పని చేయుచున్నది. సెలవుమీద వచ్చినప్పుడు పాదిరి బంగళా వరండాలో కూర్చుండి మా ఇంటివారితో చెప్పిన మాటలు మేమును వింటిమి. అంట్లు తోముచు కుళాయి త్రిప్పినప్పుడెల్ల కాలువ రేవు జ్ఞాపకము వచ్చునట. ధూళిగాలి లేచిన దినమున ఆకాశము ఎఱ్ఱబారగా, ఊరిలో వర్షము ముందర గాలియేమోనని ఒక్క క్షణము భ్రమపడునట. రంజాను మాసములో రాత్రి రెండవ జాము దాటువరకు వంట, తెల్లవారకముందే మరల వంట. ఆదివారము అక్కడ పనిదినము. ఇక్కడ మనము పది గంటలకు మొదటి కీర్తన ఎత్తుకొనునప్పటికి అక్కడ ఏడున్నర. పిల్లలను బడికి పంపు వేళ. "ఇప్పుడు మనోళ్లు గంట కొట్టుంటారు అనుకుంటానండి, అంతే నా ఆరాధన" అని చెప్పెను. శుక్రవారము సెలవు దొరికినవారు నగరములోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణకు పోవుదురు. మిషనరీలు 1931లో ఆరాధనాలయము కట్టిన ఆ స్థలములో నేడు తెలుగువారితోకూడ ఎన్నో భాషలవారు గదికొక కూటముగా కూడుకొనుచున్నారు. ఈమెకు ఆరేండ్లలో అట్టి శుక్రవారములు పదికి మించి దొరకలేదు.

ఇంకొక మాట చెప్పి ఆమె తల వంచుకొనెను. ఆ ఇంటి చిన్నబిడ్డ ఈమె ప్రక్కన తప్ప నిద్రపోదట. ఇక్కడ తన సొంత కుమారుడు అమ్మమ్మను అమ్మా అని పిలుచుచున్నాడు.

యిర్మీయా ఉత్తరమునకు ముందటి అధ్యాయములో హనన్యా అను ప్రవక్త కనబడును. రెండు సంవత్సరములలో అందరును తిరిగి వచ్చెదరని అతడు జనులయెదుట చెప్పి, యిర్మీయా మెడమీది కాడిని విరిచెను. అందరును సంతోషించియుందురు. ఎంత తీపి మాట, రెండేండ్లు! మన ఊరికి వచ్చు ఏజెంటును సరిగా ఆ లెక్కయే చెప్పును. రెండేండ్ల కాంట్రాక్టు, అప్పు తీరును, ఇల్లు లేచును, వచ్చివేయవచ్చును అనును. రెండు నాలుగగును, నాలుగు పదియగును. పదవ తరగతి దాటని స్త్రీకి ముప్పది యేండ్లు నిండనిదే ఇంటిపనికై కువైటు పోవ మన ప్రభుత్వము అనుమతి నియ్యదని అతడు చెప్పడు. విజిట్ వీసాయని విమానమెక్కించి పంపును. 2015లో కువైటు ప్రభుత్వము ఇంటి పనివారి కొరకు చట్టము చేసినది. వారమునకొక దినము సెలవు, దినమునకు పండ్రెండు గంటలకు మించని పని, పాస్‌పోర్టు యజమాని పట్టుకొనరాదు అని అందులో నున్నది. గోడల లోపల అది ఎంతమట్టుకు నడచుచున్నదో వెళ్లినవారినే అడుగవలెను. అయినను ఆ సంగతి తెలిసి పోవుట వేరు, తెలియక పోవుట వేరు గనుక ఇక్కడ వ్రాయుచున్నాము.

ఏజెంటును హనన్యా అనుట సులభము. ఇప్పుడు మా సంగతి చెప్పవలసియున్నది.

మందిరపు పెంకులు తీసి శ్లాబు వేసిన సంవత్సరము మేమును సంఘపు పెద్దలును కువైటులోనున్న మనవారి పేర్లు ఒక కాగితముమీద వ్రాసి, వరుసగా ఫోను చేసితిమి. పైన చెప్పిన సహోదరికి మూడు మారులు చేసితిమి. ఆమె రెండు నెలల జీతము పంపెను. ఆ మూడు మారులును కంకర ధర, ఇనుము ధర చెప్పితిమే గాని నిద్రపోవుటకు నీకు మంచమున్నదా అమ్మా అని అడుగలేదు. అప్పుడామె వంటగది ప్రక్కన సామాను గదిలో పరుండుచుండెనని తరువాత తెలిసినది.

దీనికంటె భారమైనది ఇంకొకటి గలదు. తరువాతి యేట, రంజాను మాసములోనే, ఆమె తండ్రి ప్రభువునందు నిద్రించెను. ఆ సమాధి ఆరాధన మేమే జరిపితిమి. శ్మశానమునుండి తిరిగి వచ్చుచుండగా ఆమె అన్న మా చేయి పట్టుకొని, "అయ్యగారూ, చెల్లికి ఇప్పుడే చెప్పొద్దండి. పని వదిలేసి వచ్చేస్తాది. అప్పు సగం కూడా తీరలేదు" అనెను. మేము సరే అంటిమి. దుఃఖము తగ్గించుటయే అని మనస్సుకు సర్దిచెప్పుకొంటిమి. నాలుగు దినములకు ఆమె ఫోను చేసి, "నాన్నకి ఎలా ఉందండి?" అని అడుగగా, ప్రార్థించుచున్నామమ్మా అని చెప్పితిమి. బాప్తిస్మమిచ్చు నోటితో ఆ మాట పలికితిమి. ఇరువది మూడవ దినమున పొరుగింటి కుఱ్ఱవాడు జ్ఞాపకార్థ కూటపు ఫోటో ఫోనులో పెట్టగా ఆమె దానిని చూచినది.

సెలవుమీద వచ్చిన ఆ సాయంకాలము వరండాలో ఆమె మమ్మును నిందించలేదు. "ఆ ఇరవై మూడు రోజులూ రాత్రి పని అయ్యాక నాన్న ఆరోగ్యం కోసం మోకరించానండి, అయ్యగారూ. ఆ ప్రార్థనలు ఎక్కడికి వెళ్లినట్టండి?" అని మాత్రము అడిగెను. సెమినారీలో మాకు నేర్పిన దేదియు ఆ ప్రశ్నకు చాలలేదు. మమ్మును క్షమింపుమని ఆమెయెదుట చేతులు జోడించితిమి. ఆమె క్షమించినది. ఇది సంఘమంతటికిని తెలియవలసినది గనుక ఆమె అనుమతితోనే ఇక్కడ వ్రాయుచున్నాము.

మన పితరులు ఇట్లు చేయలేదు. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసునుండి కూలీలతో బయలుదేరి దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. అప్పటినుండి 1911 వరకు ఓడ వెంబడి ఓడలో తెలుగువారును, అరవలును నటాలు చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా పోయిరి. వారిలో మన బాప్టిస్టు సహోదరులును ఉండిరి. నెల్లూరు ప్రాంతపు తెలుగు సంఘములు ఆ రోజులలో ధనముగలవి కావు. అయినను తమ హోమ్ మిషను సొసైటీ పక్షముగా 1903లో జాన్ రంగయ్య గారిని సముద్రము దాటించి వారియొద్దకు పంపిరి. ఆయన కెర్స్నీ అను తేయాకు తోటలో ఆ యేటనే ఒక సంఘము కూర్చి, 1915లో కన్నుమూయువరకు ఆ దేశములోనే సేవ చేసెను. వారు తోటలోని కూలీయొద్దకు కాపరిని పంపిరి. మేము రసీదు పుస్తకము పంపితిమి.

మూడు నెలలుగా మన సంఘములో ఒక చిన్న పని మొదలుపెట్టితిమి. నెలకొక ఉత్తరము వ్రాయుచున్నాము. సండే స్కూలు ఉపాధ్యాయిని దానిని ఫోనులో చదివి, కువైటులోనున్న మన పదునొకండుగురికిని వినిపించును. అందులో ఉన్నది ఉన్నట్లు వ్రాయుదుము. కాలువ ఎప్పుడు కట్టివేసిరో, ఎవరి కొబ్బరిచెట్లు గాలివానకు పడెనో, ఎవరు జబ్బుపడిరో, ఎవరు చనిపోయిరో, ఎవరి బిడ్డ బడి మానెనో వ్రాయుదుము. మొదటి ఉత్తరమునకు ముందు ఇద్దరు పెద్దలు అభ్యంతరము చెప్పిరి. చెడు వార్త విని అక్కడ ఒంటరిగా ఏమైపోవుదురో అని వారి భయము. ఆ భయము తప్పు కాదు. అందుకు మరణవార్త మాత్రము ఉత్తరములో పెట్టక, అదే దినమున మేమే ఫోను చేసి చెప్పుటకును, అక్కడి కూటపు సహోదరి యెవరైనను ఆమెయొద్దకు పోవునట్లు ఏర్పాటు చేయుటకును ఒప్పుకొంటిమి.

పట్టణపు క్షేమము కొరకు ప్రార్థన విషయములో మరింత వాదము జరిగినది. మన విశ్వాసము కాని ఇంటివారి కొరకు, మన బిడ్డలను అంతగా కష్టపెట్టువారి కొరకు ప్రార్థనయా అని యొకరు అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. నెబుకద్నెజరు పట్టణము కొరకు ప్రార్థించుమన్నప్పుడు ఆ చెరవారికిని అదే తోచియుండును. 1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యము కువైటులో ప్రవేశించినప్పుడు మేము బాలురము. మన దేశస్థులను లక్షకు పైగా అమ్మాను నగరమునుండి విమానములలో తెచ్చిరి. అప్పుడు రాత్రులు మందిరములో దీపము ఆరలేదు. కువైటు, కువైటు అని పెద్దలు మొఱ్ఱపెట్టుట మాకు జ్ఞాపకము. ఆ పట్టణపు క్షేమములోనే మన బిడ్డల క్షేమమున్నదని ఆ దినములలో ఎవరును వాదింపవలసిన పని లేకపోయెను.

ఆ ప్రశ్నకు ఉత్తరము మేము ఇయ్యలేదు, ఆ సహోదరియే ఇచ్చినది. రెండవ ఉత్తరము విన్న తరువాత ఆమె ఫోను చేసెను. నడుము నొప్పితో రెండు నెలలుగా బాధపడుచున్నాననియు, ఇంటికి తెలియనీయలేదనియు మొట్టమొదటి సారి చెప్పెను. తరువాత, "చిన్నదానికి మూడు రోజులుగా జ్వరం అండి. తగ్గటం లేదు. ఆదివారం ప్రార్థనలో దాని పేరు చదవండి" అనెను. ఆ యింటి చిన్నబిడ్డ. మేము ఆ పేరు చదివితిమి. సంఘము ఆమేన్ చెప్పెను. అభ్యంతరము చెప్పిన ఆ పెద్దయు చెప్పెను.

వచ్చే నెల ఉత్తరము రెండవ శనివారమున వ్రాయబడును. కువైటులోను, ఇతర దేశములలోను తమవారున్న కుటుంబములు శుక్రవారము ప్రొద్దుగ్రుంకులోగా బంగళాకు వచ్చి, చెప్పవలసిన సంగతులు తెలుపగోరుచున్నాము. డబ్బు సంగతులు వేరు కాగితముమీద వ్రాసి తెండు.