పిలవని ఏరు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. దసరా నవరాత్రులు మొదలై రెండో రోజు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని గాలి కూల్చేస్తే, గొట్టా బ్యారేజీ దిగువన వంశధార ఒడ్డునున్న మాబోటివాళ్లని ఆ వెనకాలే వచ్చిన వరద ముంచింది. ఇంట్లో నడుం లోతు నీరు.

నీరు తీశాక అందరూ చేసేవే మేమూ చేశాం. కరెంటు మెయిన్ ఆపి, ఒండ్రు ఆరి గట్టిపడకముందే పారలతో తోడేశాం. దీపావళికి సున్నం వేయిద్దామంటే తాపీమేస్త్రి వద్దన్నాడు, లోపలి చెమ్మ పోకుండా వేస్తే పెచ్చులూడిపోతుందని. ఇవన్నీ తెలిసినవాళ్లు చెబితే తేలిపోయే సంగతులు. తేలనిది దేవుడి గది.

వెంకటేశ్వరస్వామి బొమ్మ పటం అద్దానికి అతుక్కుపోయింది. చివర పట్టుకుని మెల్లగా లాగితే కాగితం ఊడొచ్చింది గాని నామమూ సగం కిరీటమూ అద్దం మీదే ఉండిపోయాయి. "అమ్మీ, ఏట్లో కలిపీ," అంది అత్తమ్మ. పాడైన పటాల్ని పారే నీటిలో వదలడం ఆచారమే. కానీ వాటిని పాడుచేసింది ఆ ఏరే కదా!

పూజకు ముందు కలశంలోకి ఏడు నదుల్ని పిలుస్తాం. ఆ ఏడింటిలో వంశధార లేదు. పిలిచినవేవీ ఎన్నడూ గడప తొక్కలేదు, పిలవంది వచ్చి దేవుడి గదిలో కూర్చుంది. శివరాత్రికి శ్రీముఖలింగం వెళ్లి చక్రతీర్థ స్నానమని మేం మునిగేది ఆ నీటిలోనే. చెంబెడైతే తీర్థం, నడుం లోతైతే మురుగు. ఈ మాటంటే అత్తమ్మ నవ్వేసింది.

పరామర్శకొచ్చిన పెద్దమనిషొకాయన "ఊరి పాపం" అన్నప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండింది. వాన కురిసింది ఒడిశా కొండల్లో. పాపం లెక్కగట్టి వచ్చిన నీరైతే, మిట్ట మీద ఇళ్లున్నవాళ్లంతా పుణ్యాత్ములా? పల్లంలో కట్టుకున్నవాళ్లు అక్కడే జాగా దొరికి కట్టుకున్నారు. కర్మ సిద్ధాంతాన్ని నేను కొట్టిపారేయను. నా పనికి నేనే జవాబుదారీనని గుర్తుచేసుకోవడానికి అది కావాలి. పక్కవాడి తడిసిన బియ్యం బస్తా ముందు నిలబడి దాన్ని వల్లించడమంటే, వేదాంతం పేరుచెప్పి పార పట్టకుండా తప్పించుకోవడమే.

గుళ్లో మూలవిరాట్టు దెబ్బతింటే ఆగమాల్లో ఒక పద్ధతుంది. విగ్రహంలోని కళని మంత్రాలతో కుంభంలోని నీటిలోకి ఆకర్షించి, బాలాలయమనే తాత్కాలిక గుడిలో ఉంచి పూజిస్తూ, అప్పుడు జీర్ణోద్ధరణ మొదలుపెడతారు. రాయి పాడైతే దేవుడు పాడవడు. పైగా ఆయన తలదాచుకునేది నీటిలో! ఇంట్లో పటానికి ప్రాణప్రతిష్ఠ చేయించం గనక తీయాల్సిన కళా లేదని నా లెక్క. మిగిలింది కాగితం, మేకులు, గాజు. ఏట్లో వేస్తే దిగువ ఊళ్లో ఎవరి కాళ్లలోనో గుచ్చుకుంటాయి.

కాగితాలు పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టాను. అత్తమ్మ సగం మనసుతో ఒప్పుకుంది. నామం అంటిన అద్దాన్ని మాత్రం ఇవ్వలేదు. ప్రతిష్ఠే లేని పటానికి ఇంత పట్టింపేమిటంటే, "నలభయ్యేళ్లు దండమెడితే పెతిష్ట అవదేటి?" అంది. పురోహితుణ్ణి అడిగితే ఆయనా అత్తమ్మ వైపే మొగ్గాడు.