సమ్మె – గురుధర్మము

అధ్యాపకుడు సమ్మె చేయవచ్చునా? ఈ ప్రశ్నకు ఔననువారును గలరు, కాదనువారును గలరు. నేను మెట్రిక్యులేషను మాత్రము చదివి, ఒక కళాశాల కార్యాలయమున గుమాస్తాగా జీవితము గడపినవాడను, పండితుడను గాను. కాని తరగతి గదులకు తాళములు పడిన దినములను కన్నులార జూచినవాడను గనుక, ఈ విషయమున నాలుగు మాటలు విన్నవింప సాహసించుచున్నాను.

ఒకప్పుడు మా కళాశాలలో అధ్యాపకులు సమ్మె చేసిరి. పల్లెనుండి ప్రతిదినము బస్సులో వచ్చు పిల్లవాడొకడు కార్యాలయపు కిటికీ కడ నిలిచి, “నేడైనను పాఠములుండునా సార్?” అని యడుగుచుండెను. “రేపు చూడు నాయనా” యని పంపుచుంటిని. సమ్మె ముగిసినది. పరీక్షలు కొలది దినములు మాత్రమే వెనుకకు జరిగినవి. మిగిలిన పాఠములు పరుగున ముగిసినవి. ఆ పిల్లవానికి ఇంట తెలుగు, బడిలో కన్నడము, కళాశాలలో ఇంగ్లీషు. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమున జేరిన పిమ్మట మా సీమలో ఇట్టివారు పెక్కుమంది. ట్యూషనునకు ధనము లేని యట్టి పిల్లలకు గురువు నోటి మాటయే ఆధారము. అది ఆగిన దినమున వారి చదువే యాగును.

అయినను రెండవ ప్రక్కను జూడక తీర్పు చెప్పుట న్యాయము గాదు. కర్ణాటకమున సుమారు 430 ప్రభుత్వ ప్రథమ దర్జా కళాశాలలలో పదివేలకు పైబడిన అతిథి ఉపన్యాసకులు పాఠములు చెప్పుచు వచ్చిరి. 2022 జనవరి వఱకు వారి గౌరవ వేతనము నెలకు 11,000 నుండి 13,000 రూపాయలు మాత్రమే. ఆ మాసమున అది 26,000 మొదలు 32,000 వఱకు పెరిగినది. కాని యందులకు ముందుగా వారు సమ్మె చేయవలసి వచ్చినది. ఉద్యోగములను ఖాయము చేయుడని 2023 నవంబరులో మరల తరగతులు మానిరి. 2024 జనవరిలో ప్రభుత్వము 5,000 మొదలు 8,000 రూపాయల వఱకు హెచ్చించెను గాని ఖాయము చేయలేదు. కోటి విద్యలు కూటి కొఱకే యని మన పెద్దలే చెప్పిరి గదా! అతిథి యని పిలిచి ఆకలితో నిలుపుట ఏ ధర్మము?

నేనును నిర్దోషిని గాను. ఒక అతిథి ఉపన్యాసకుని వేతనపు బిల్లు నా యలసత్వమువలన పక్షము దినములు కదలక పడియుండెను. నా జీతము మాత్రము నెల తిరుగగనే వచ్చెను. సమ్మెలు ఇట్టి చిన్న నిర్లక్ష్యములనుండియే మొలకెత్తునని నాకు తరువాత తెలిసినది.

ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేయుటకు ప్రాథమిక హక్కు లేదని 2003లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. నైతిక సమర్థనమును లేదనెను. కాని ఖాయమైన ప్రభుత్వోద్యోగియే కాని యతిథి ఉపన్యాసకుడు ఈ తీర్పు విని ఏమనుకొనును? చట్టము ముగిసిన చోటనే ధర్మవిచారము మొదలగుచున్నది.

మిల్లులో సమ్మె జరిగిన నష్టము యజమానికి. కళాశాలలో జరిగిన నష్టము విద్యార్థికి. 2023లో బ్రిటనునందు అధ్యాపకులు ఏప్రిల్ మొదలు సెప్టెంబరు వఱకు జవాబు పత్రములు దిద్దుట మానగా, పలువురు విద్యార్థులు మార్కులు తెలియకయే చదువు ముగించిరి. ఆబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరిగినట్లు! అయితే అర్ధాకలితో రెండు చోట్ల పాఠములు చెప్పి యలసిన గురువువలనను విద్యార్థి నష్టపడుచునే యున్నాడు. ఆ నష్టము పత్రికల కెక్కదు, అంతే భేదము.

కావున నాకు తోచినది యిది. గురువు అన్ని తలుపులు తట్టిన పిమ్మట పని మానవచ్చును. కాని మానిన ప్రతి గంటయు విద్యార్థికి బాకీ. దానిని వడ్డీతో దీర్పవలెను. పరీక్షలను, మూల్యాంకనమును ఆయుధముగా జేయరాదు. ఏలినవారును తరగతులు మూతపడువఱకు చర్చకు పిలువకుండుట పాపము. నావంటి గుమాస్తాలు బిల్లులను నిదురపుచ్చరాదు.

కిటికీ కడ నిలిచిన ఆ పిల్లవాని ప్రశ్నకు నేనాడు సరియైన సమాధానము చెప్పలేకపోతిని. మనలో ఎవరి వంతు వారు నెఱవేర్చిన నాడు, ఆ ప్రశ్న నడుగవలసిన యవసరమే యే పిల్లవానికిని కలుగకుండును.