విచారణకు ముందు శిక్ష

హత్యానేరమున పట్టుపడిన యొకఁడు కొన్ని నెలలకు జామీనుపై, అనఁగా బెయిలుపై, చెఱసాలనుండి యింటికి వచ్చినాఁ డనుకొందము. వెంటనే మన యరుగులమీఁద "హంతకుఁడు దర్జాగా తిరుగుచున్నాఁడు, న్యాయ మెక్కడ నున్నది?" అను మాట పుట్టును. చదువుకొన్న యిండ్లలోను ఈ మాటయే వినవచ్చును. కోపము ధర్మమునకై పుట్టినది కావున మాటయు ధర్మ్యమనియే మనకు తోఁచును. కాని వాఁడు హంతకుఁడని యింకను తేలలేదు. జామీను వానిని నిర్దోషి యని చాటు తీర్పును గాదు.

జామీను దరఖాస్తును వినునపుడు న్యాయమూర్తి ముఖ్యముగా యోచింపవలసినవి మూఁడు. నిందితుఁడు విచారణకు రాక పాఱిపోవునా? సాక్షులను బెదరించి సాక్ష్యమును చెఱచునా? మరల నేరమునకు పాలుపడునా? ఘోరనేరములయందు ఆరోపణకు పైకి కానవచ్చు ఆధారమును, రుజువైనచో పడఁదగిన శిక్షయు గూడ లెక్కకు వచ్చును. ఉరికో యావజ్జీవశిక్షకో వెఱచువానికి పాఱిపోవలెనను నాస హెచ్చుగదా. నేరతీవ్రత మొదటి మూఁడు ప్రశ్నలకు సమాధానము వెదకుటకు సాధనమే కాని, తానే సమాధానము కాదు. "నేరము ఘోరము, కావున విడువము" అని యంతటితో నిలిచినచో, ఆరోపణయే శిక్ష యగును.

"మఱి చచ్చినవాని భార్యాబిడ్డల మాట యేమి? ఆ వీథిలోనే కాపురముండు సాక్షి గతి యేమి?" అని పాఠకు లడుగవచ్చును. ఇది త్రోసివేయఁదగిన ప్రశ్న కాదు. 2022లో లఖీంపూర్ ఖేరీ కేసున అలహాబాదు హైకోర్టు ఇచ్చిన జామీనును రద్దుచేయుచు, బాధితుల మొఱను జామీను దశయందును వినవలెనని సుప్రీంకోర్టు చెప్పినది. అయితే భయమునకు విరుగుడు చెఱ యొక్కటియే కాదు. ఊరిలో అడుగిడరాదనియు, ఠాణాలో హాజరు కావలెననియు షరతులు పెట్టవచ్చును. ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చిన యొక హత్యకేసులో, 1977లో, జస్టిస్ కృష్ణయ్యరు అప్పీలు తేలులోపల షరతులతో ముద్దాయిలకు జామీను నిచ్చిరి. బెదరింపుల జాడ నిజముగా నున్నచోట తలుపు మూయవలసినదే, ఊహమాత్రమున మూయరాదు.

న్యాయమూర్తి రెండు విధముల పొరపడవచ్చును. విడువరానివానిని విడిచినచో, మఱునాఁడే పత్రికలు గోలపెట్టును. విడువఁదగినవానిని ఉంచినచో, ఆ తప్పునకు నోరు లేదు. వాని భార్య కూలికి పోవును, బిడ్డ బడి మానును, ఏండ్ల తరువాత నిర్దోషి యని తీర్పు వచ్చును. పోయిన యేండ్లను తిరిగి యిచ్చువాఁ డెవఁడును లేఁడు. గోలపెట్టు తప్పునకు జడియువాఁడు మూఁగతప్పు చేయుట కలవాటు పడును. 2022 చివర మన దేశపు చెఱసాలలలో నున్నవారిలో నూటికి 75 మందికి పైగా విచారణ తేలని ఖైదీలే. 1979లో సుప్రీంకోర్టు ముందునకు వచ్చిన బీహారు ఖైదీలలో, నేరము రుజువైనచో పడఁదగిన గరిష్ఠశిక్షకంటె హెచ్చుకాలము చెఱలో నున్నవారును గలరు!

చట్టవిరుద్ధ కార్యకలాపముల నిరోధక చట్టమువంటివానియందు తలుపు మఱింత యిఱుకు. ఆరోపణ పైకి నిజమని నమ్ముటకు తగిన యాధారము కనఁబడినచో జామీను లేదు. అట్టి యొక కేసులో నిందితుఁ డయిదేండ్లకు పైగా చెఱలో నుండెను. విచారింపవలసిన సాక్షులు ఇంకను 276 మంది. విచారణ ముగియు నాస లేనపుడు, రాజ్యాంగ మిచ్చిన స్వేచ్ఛను ఆ చట్టము మ్రింగజాలదని 2021లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. త్వరగా విచారింపలేని ప్రభుత్వమునకు చిరకాలము బంధించు హక్కెక్కడిది?

పేదవానికి మఱియొక గోడ గలదు. మధ్యప్రదేశపు తాపీపనివాఁ డొకఁడు జామీను పొందియు 10,000 రూపాయల పూచీ చూపలేకపోయెను. సోదరుఁడు పూచీపడినను, ఆస్తి వేఱు జిల్లాలో నున్నదని మేజిస్ట్రేటు త్రోసిపుచ్చెను. 1978లో సుప్రీంకోర్టు దానిని తప్పుపట్టి, వానిని 1,000 రూపాయల సొంత ముచ్చలికపై విడువుమనినది. ధనవంతునకు తెఱచుకొను తలుపు వీనికి మూసికొనుటకు నేరతీవ్రత కారణ మగునా?

న్యాయమూర్తికి ధైర్యము చట్టమునుండి మాత్రమే రాదు, ప్రజాభిప్రాయమునుండియు రావలెను. అందుచే జామీను వార్త చదివినపుడు "వాఁ డెంత ఘోరము చేసినాఁడు!" అనుటకు ముందు, "విచారణ యెప్పుడు? సాక్షికి రక్ష యేది? ఉత్తరువునకు చూపిన కారణము లేవి?" అని మన మడుగవలెను. మన బిడ్డలు మన మాటలు విని న్యాయ మన నేమో నేర్చుకొందురు. విచారణకు ముందే మన మింటిలో శిక్ష విధించుచున్నంతకాలము, న్యాయస్థానము వేఱుగా నుండవలెనని కోరుట మనకు తగదు.