నొప్పి ఎరిగినవారి ఓదార్పు



ఆదివారం దివ్యబలిపూజకు వచ్చి గోడ ప్రక్కన కూర్చునేవారు ప్రతి విచారణలోను కొందరుంటారు. వారు మోకరించలేరు, ఎక్కువసేపు నిలబడలేరు. కీళ్లవాతమో, నడుము నొప్పో ఏళ్ల తరబడి వారిని పట్టి ఉంటుంది. ఫైబ్రోమయాల్జియా అనే జబ్బు ఉన్నవారికైతే ఒళ్లంతా నొప్పులే. కాని రక్తపరీక్షలోను, ఎక్స్‌రేలోను ఆ జబ్బు కనబడదు. అందువల్ల “పని తప్పించుకోవడానికి వేషాలు” అనే మాట ఇంటివారి నోటనే వినవలసి వస్తుంది. మూడు నెలలకు మించి నిలిచే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. 2022లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో దానికి ప్రత్యేక స్థానం ఉంది. కనుక వారి మాట మనం నమ్మాలి.

ఈ వారం ముఖ్యంగా ఆ నొప్పిని మోస్తున్న మీతోనే నాలుగు మాటలు.

బాధపడినవారికి ఎదుటివారి బాధ దానంతటదే అర్థమవుతుందని లోకం అనుకుంటుంది. ఎల్లప్పుడూ అలా జరగదని మీకు తెలుసు. రాత్రంతా నిద్రలేని అత్తగారితో తెల్లవారి కోడలు జ్వరమని చెబితే, “నా నొప్పి ముందు నీదెంత?” అనే మాట నాలుక చివరకు వస్తుంది. మరికొందరికి ఒకరి కష్టం వింటే తమ ఒంట్లో నొప్పి ఇంకా పెరిగినట్లుంటుంది. అందుకే వినకుండా తప్పుకుంటారు. ఆ అలసట ప్రభువుకు తెలుసు. కాని ఆ అలసటలోనే మన హృదయం మూసుకొని పోకుండా చూసుకోవాలి.

ఏటా ఫిబ్రవరిలో గుణదల కొండకు తరలివెళ్లే మనకు పునీత బెర్నదెత్తమ్మ సుపరిచితురాలు. 1858లో లూర్దులో మరియతల్లి దర్శనాలు పొందిన ఆమెకు చిన్ననాటి నుండి ఉబ్బసం ఉండేది. తరువాత మోకాలి ఎముకకు క్షయ సోకింది. లూర్దు ఊటవద్ద ఎందరో స్వస్థత పొందినా, ఆమె రోగం ఆమెను విడువలేదు. 1866లో నెవేరు మఠంలో చేరాక రోగుల గదిలో సహాయకురాలిగా పనిచేసింది. తాను ఊపిరాడక బాధపడుతూనే తోటి కన్యస్త్రీలకు సేవ చేసింది. 1879 ఏప్రిల్ 16న, 35 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

ఆమె చేసిన దానికి మూలమేమిటో పునీత పౌలుగారు కొరింతీయులకు వ్రాసిన రెండవ లేఖ మొదటి అధ్యాయంలో చెబుతారు. దేవుడు మన కష్టాలలో మనలను ఓదార్చేది, ఆ ఓదార్పును మనం ఇతరులకు పంచడానికే. తన శరీరంలో ముల్లు ఉన్నదని అదే లేఖలో చెప్పుకున్న మనిషి మాట ఇది. మొదట ఓదార్పు పొందండి, తరువాత పంచండి. మందులు మానకండి, సహాయం అడగడానికి సిగ్గుపడకండి.

పంచడానికి పెద్ద పనులు అక్కరలేదు. పొరుగింట మంచం పట్టినవారితో “నీ నొప్పి నేను నమ్ముతున్నాను” అనండి. ఎవరూ చెప్పలేని విధంగా మీరు ఆ మాట చెప్పగలరు. లేవలేని రోజున ఒక పేరు తలచుకొని జపమాలలో ఒక పదిని సమర్పించండి. అదీ చేతకాని రోజున ఊరకనే ప్రభువు చెంత ఉండండి, చాలు.

కుటుంబాలవారలారా! యోబు స్నేహితులు ఏడు దినాలు అతని ప్రక్కన మౌనంగా కూర్చున్నంతవరకు మేలే చేశారు. నోరు తెరచి తప్పులెంచినప్పుడే గాయపరిచారు. మీ ఇంటి రోగికి ఉపదేశానికి ముందు మీ సమయాన్ని ఇవ్వండి.

పునరుత్థానుడైన తరువాత కూడా మన ప్రభువు తన గాయాల గురుతులను దాచుకోలేదు. వాటినే తోమాసుకు చూపి అతని విశ్వాసాన్ని నిలబెట్టాడు. మీ గాయాలను కూడా ఆయన అలాగే వాడుకొనుగాక! రోగుల స్వస్థతయైన మరియతల్లి మనందరికొరకు వేడుకొనుగాక! ఆమెన్.