రింగు వైపు చూడాల్సిన కళ్లు

బాస్కెట్‌బాల్ రింగు నేలకు 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది. దాని వ్యాసం 45 సెంటీమీటర్లు. బంతి వ్యాసం అందులో సగానికి కాస్త ఎక్కువ. ఆట తెలియనివాళ్లకు అది చాలినంత చోటే అనిపిస్తుంది. షాట్లు పడని రోజుల్లో ఆడే మనిషికి ఆ రింగు మూసుకుపోయినట్టే ఉంటుంది. ఇనుము ఇనుమే, కొలత కొలతే. మరి మారేదేమిటి? ఈ ప్రశ్న నన్ను పట్టుకోవడానికి కారణం నా మేనకోడలు.

మాది ధర్మసాగర్. తను హన్మకొండలో డిగ్రీ చదువుతోంది, కాలేజీ జట్టులో ఫార్వర్డ్. మ్యాచ్ ఉందంటే వీలున్నప్పుడల్లా వెళ్లి గట్టు మీద కూర్చుంటాను. మొదటి ఏడాది తను బంతి అందుకుంటే చాలు, రెండు అడుగుల్లో రింగు కిందికి దూసుకుపోయేది. లేఅప్‌లో బంతి బోర్డుకు తగిలి మెత్తగా లోపలికి జారేది. రెండో ఏడాది ఆ చేతికే ఏదో అయింది. ఎదురుగా ఎవరూ లేకపోయినా షాట్ వేయకుండా పక్కవాళ్లకు పాస్ ఇచ్చేయడం మొదలుపెట్టింది. వేసినా భుజం బిగుసుకుని, బంతి రింగు ముందు అంచుకే తగిలి వెనక్కి వచ్చేది.

ఒక రోజు బంతిని వదిలేసి తననే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు కనిపించింది. షాట్ వేసి బంతి చేతిని వదిలిందో లేదో, అది ఇంకా గాలిలో ఉండగానే, తన మెడ బెంచీ వైపు తిరుగుతోంది. బంతి ఏమైందో తనకు రింగు చెప్పడం లేదు, కోచ్ మొహం చెబుతోంది.

కొత్తగా వచ్చిన ఆ కోచ్ చెడ్డ మనిషి కాదు. ఆట బాగా తెలిసినవాడు, పిల్లల కంటే ముందే గ్రౌండ్‌కు వచ్చేవాడు. కాకపోతే షాట్ పోతే వెంటనే సబ్‌స్టిట్యూషన్ అడిగేవాడు. బయటికి వచ్చిన పిల్ల పక్కన కూర్చుని, "పడుతుందా లేదా అని ఆలోచించకు, ఫ్రీగా ఆడు" అనేవాడు. ఆ మాట నిజంగానే మంచిది. ఫలితం మీద మనసు పెట్టకుండా పని చేయమని మన పెద్దలు ఎప్పటి నుంచో చెబుతున్నదే. కానీ ఆ మాట చెప్పే హక్కు ఫలితాన్ని లెక్కపెట్టనివాడికే ఉంటుందని నాకు తోస్తుంది. ఒక్క షాట్ పోగానే బయటికి పిలిచే మనిషి నోటితో ఒకటి చెబుతున్నాడు, చేత్తో మరొకటి చెబుతున్నాడు. పిల్లలు నమ్మేది చేతినే. పిల్లలేమిటి, మనమంతా అంతే.

పైగా ఇది ఎలాంటి ఆట! మేటి ఆటగాళ్లంతా ఆడే ఎన్‌బీఏలోనే, వేసిన షాట్లలో సగానికి పైగా పడవు. పోవడం ఈ ఆటలో మామూలు సంగతి. వేసిన ప్రతి షాటూ పడాలని కోరే కోచ్ ఆటగాళ్ల మీద కాదు, ఆట మీదే కోపం తెచ్చుకుంటున్నాడు.

పక్కవాళ్ల చూపుకు ఎంతటి మనిషైనా లొంగుతాడు. విల్ట్ చాంబర్లేన్ 1962 మార్చి 2న ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టాడు. ఎన్‌బీఏలో ఆ రికార్డు ఇప్పటికీ చెరగలేదు. ఆ రాత్రి వేసిన 32 ఫ్రీ త్రోలలో 28 పడ్డాయి. అప్పట్లో అతను ఫ్రీ త్రోలు వేసేది బంతిని రెండు చేతులతో మోకాళ్ల దగ్గర నుంచి పైకి విసిరే పద్ధతిలో. ఆ పద్ధతి తనకు పనికొస్తోందని తెలిసి కూడా, చూసేవాళ్లకు ఆడంగిగా కనబడుతున్నానేమోనని మానేశాడు. ఫ్రీ త్రోలు మళ్లీ పాడయ్యాయి. అది తప్పని తెలిసే చేశానని తర్వాత తనే ఒప్పుకున్నాడు. ఏడడుగుల మనిషి, ఎదురులేని బలం. అయినా గ్యాలరీ చూపు ముందు నిలవలేకపోయాడు. పంతొమ్మిదేళ్ల పిల్ల బెంచీ వైపు చూడటంలో వింతేముంది?

నమ్మకం ఎటు నుంచి వస్తుందని అడిగితే నాకు గుర్తొచ్చేది 2001 మార్చి, ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో క్రికెట్ టెస్టు. మొదటి ఇన్నింగ్స్‌లో భారత్ 171కే ఆలౌట్. ఆరో స్థానంలో దిగి 59 కొట్టిన మన హైదరాబాద్ లక్ష్మణ్ చివరి వికెట్‌గా వెనక్కి వచ్చాడు. ఫాలోఆన్. ప్యాడ్లు విప్పొద్దు, మూడో స్థానంలో దిగాలి అన్నాడు కోచ్ జాన్ రైట్. రెండో ఇన్నింగ్స్‌లో లక్ష్మణ్ కొట్టిన 281 సంగతి అందరికీ తెలుసు. నేను ఎక్కువగా ఆలోచించేది ద్రవిడ్ గురించి. మూడో స్థానం అతనిది. ఆ రోజుల్లో పరుగులు రాక తంటాలు పడుతున్నాడు. అతన్ని ఆరుకు దించారు. ఆ దింపడాన్ని శిక్షగా తీసుకుని ఉంటే అక్కడే కూలిపోయేవాడు. అతను 180 కొట్టాడు, ఇద్దరూ కలిసి 376 పరుగులు జోడించారు, నాలుగో రోజంతా ఒక్క వికెట్ పడలేదు. ఒకే నిర్ణయం ఒకరిని పైకెత్తింది, ఇంకొకరిని కిందికి దించింది, ఇద్దరూ నిలబడ్డారు. కిందికి దించడం వేరు, తీసి పక్కన పెట్టడం వేరు. ద్రవిడ్ చోటు మారింది కానీ అతని మీద నమ్మకం పోలేదు. బ్యాటింగ్ చేసే అవకాశం అతనికి మిగిలే ఉంది.

అంత దూరం పోనక్కర్లేదు. మా ఓరుగల్లు గడ్డ మీదే, పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి ఉంది. మేధోపరమైన లోపంతో పుట్టిందని చుట్టూ ఉన్నవాళ్లు ఎన్ని మాటలన్నారో ఆ తల్లిదండ్రులు చెబుతుంటే విన్నవాళ్లకు కడుపు తరుక్కుపోతుంది. కోచ్ నాగపురి రమేశ్ ఆ పిల్లలో పరుగును చూశాడు. 2024 మేలో కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి మేధోపరమైన లోపం ఉన్నవారి టీ20 విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది, సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. ఊరంతా లోటునే చూస్తున్నప్పుడు ఒక్క మనిషి కాళ్లను చూశాడు. కోచింగ్ అంటే నా లెక్కలో ముందు అదే, మిగతా డ్రిల్లులన్నీ తర్వాత.

ఇక ఆ కాలేజీ కోచ్‌ది కూడా ఒక బాధ ఉంది. చాలా కాలేజీల్లో కబడ్డీకీ వాలీబాల్‌కీ బాస్కెట్‌బాల్‌కీ ఒక్కడే సారు. ఎక్కువ మందికి పర్మినెంట్ ఉద్యోగం ఉండదు. టోర్నీలో మొదటి రౌండ్‌లోనే వెనక్కి వస్తే ప్రిన్సిపాల్ గదిలో జవాబు చెప్పుకోవాలి. పిల్ల బెంచీ వైపు చూస్తుంటే బెంచీ మీది మనిషి ఇంకెవరి వైపో చూస్తున్నాడు. భయం అలా పై నుంచి కిందికి దిగుతూ వచ్చి, చివరికి ఆ పిల్ల మణికట్టు దగ్గర ఆగుతోంది. అతని మీద నాకు కోపం పోయింది ఇది అర్థమయ్యాకే. అతను మారాలన్న కోరిక మాత్రం పోలేదు. మ్యాచ్‌కు ఎన్ని పడ్డాయో కాకుండా, వేయాల్సిన చోట ఎన్ని వేసిందో రాసిపెట్టుకుంటే చాలు. చోటు దొరికీ వేయకపోతే అప్పుడు బయటికి పిలవమనండి, ఎవరూ కాదనరు.

దేవాదుల నుంచి గోదావరి నీళ్లు వచ్చి చేరే మా రిజర్వాయరు కట్ట మీద నడుస్తూ ఇదంతా నా మేనకోడలితో అన్నాను. మన మీద మనకుండే నమ్మకం మొదట మరొకరు మన మీద పెట్టిందేనన్నాను. తను ఒప్పుకోలేదు.

"సార్ నమ్మితేనే వేస్తా అంటే ఆ షాట్ సార్‌దైతది మామా, నాదెట్లయితది? నువ్వు లక్ష్మణ్ కథ సగమే చెప్తున్నవ్. అంతకు ముందు ఓపెనర్‌గా దించితే, జట్టులో చోటు పోయినా సరే ఇక ఓపెనింగ్ చేయనని తనే తేల్చి చెప్పిండు కదా. అప్పుడు ఏ కోచ్ నమ్మిండు?"

నా దగ్గర జవాబుంది. చదువా క్రికెట్టా అన్న వయసులో లక్ష్మణ్ వెనుక నిలబడ్డ మేనమామ బాబా కృష్ణమోహన్ పేరు చెప్పాను. ఆ వయసులో ఒకరు పెట్టిన నమ్మకమే తర్వాత "చేయను" అనగలిగిన ధైర్యమైందన్నాను.

తను కాసేపు ఆలోచించింది. "సరే, చిన్నప్పుడు మా స్కూల్లో పీఈటీ సార్ నన్ను నమ్మిండు. మరి అది నాకు ఇంకా ఎందుకు సరిపోతలేదు?" అని అడిగింది. నా వాదంలో దీనికి చోటు లేదు. పోయిన వారం ఆడిన మ్యాచ్‌లో తను బెంచీ వైపు చూస్తూనే ఉంది, కానీ షాట్లు మాత్రం మునుపటి కంటే ఎక్కువే వేసింది. వాటిలో చాలా వరకు పోయాయి.