ఈ పూట కూరకి ఏముంది?

ధ్యాన భాగం: యోహాను 21:1–14

మధ్యాహ్నం పన్నెండు దాటితే పోర్టు ఆఫీసులోనైనా, షిప్‌యార్డులోనైనా, స్టీల్‌ప్లాంటు గేటు దగ్గరైనా మాట ఒక్కటే. ఎక్కడ తిందాం? ఏం తిందాం? ఒకరు బిర్యానీ అంటారు, ఒకరు మీల్స్ చాలంటారు, మొన్న తిన్నచోట ఉప్పెక్కువైందని ఇంకొకరు గుర్తుచేస్తారు. ఇంత చిన్న సంగతిని ధ్యానానికి తేవాలా అని చదివేవారికి అనిపించవచ్చు. తేవాలనే నా నమ్మకం. ఆరాధనలో పక్కపక్కన కూర్చున్నప్పుడు మన మనసు ఎదుటివారికి కనిపించకపోవచ్చు గాని, ఆకలి వేళ ముందు ఎవరిని తలుచుకుంటామో దాన్నిబట్టి ఇట్టే తెలిసిపోతుంది. పైగా ప్రభువు దీన్ని చిన్నగా చూడలేదు. మరణాన్ని జయించి లేచినవాడు తిబెరియ సముద్రపు ఒడ్డున నిలబడి, రాత్రంతా వలలు వేసి ఒక్క చేపా దొరక్క అలసిపోయిన ఏడుగురిని మొట్టమొదట అడిగింది, తినడానికి మీ దగ్గర ఏమైనా ఉందా అనే.

ఆ ప్రశ్న బరువు తెలియాలంటే విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాలి.

అక్కడ భోజనవేళని గడియారం చెప్పదు. ఇంకా తెల్లవారకముందే లైట్ల వెలుతురులో పని మొదలవుతుంది. ఐసు కలిసిన చేపలు పడవల్లోంచి బుట్టలతో దిగుతాయి, కుప్పలు పడతాయి, వేలం పాట సాగుతుంది. ఊరు నిద్ర లేచి టిఫిన్ సంగతి ఆలోచించేసరికి పెద్ద సరుకు లారీలెక్కి పోతుంటుంది. అప్పటికే హార్బర్‌లో పనిచేసేవాళ్లకి సగం రోజు అయిపోయింది. పదింటికో పదకొండింటికో వాళ్లు తినే అన్నమే వాళ్ల మధ్యాహ్న భోజనం. యోహాను రాసిన ఆ భోజనాన్ని మనం పొద్దుటి ఫలహారమని చదువుకుని ముందుకు వెళ్లిపోతాం. రాత్రంతా వల లాగినవాడికి అది ఫలహారపు వేళ ఎలా అవుతుంది? చేతులు ఉప్పునీళ్లకి నాని, నడుం పట్టేసి, కడుపు వెన్నుకంటుకున్న వేళ అది. మన వేళకి వాళ్లని రమ్మనకుండా ప్రభువు వాళ్ల వేళకి వచ్చాడు.

ఇక ఏం తినాలన్నది. హార్బర్‌లో చేప కొనేవారికి తెలుసు, ఇంట్లో అనుకున్న కూర అక్కడ దొరకాలని లేదు. చందువా అనుకుని వెళతాం. "ఇయ్యాల కానాగంతలే పడ్డాయి బావూ, తాజావి, పట్టుకెళ్లండి" అంటుంది గంప ముందు కూర్చున్న అమ్మ. కోనాం ఉంటుంది, ధర చేతికందదు. కవ్వళ్లు ఉంటాయి, ముళ్లని పిల్లలు మూతి తిప్పుతారు. సముద్రం ఇచ్చిందే ఆ పూట కూర. నాకు ఇది మంచి బడి అనిపిస్తుంది. కోరుకున్నది దొరకని రోజున దొరికినదాన్ని దేవుని చేతి నుంచి వచ్చినదానిగా ఒండుకుని తినడం అక్కడ రోజూ నేర్చుకోవచ్చు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నిషేధం. పడవలన్నీ జెట్టీకి కట్టి ఉంటాయి. ఊళ్లోవాళ్లం చెరువు చేపతోనో ఎండు చేపతోనో సరిపెట్టుకుంటాం. పొలానికి ఏడో ఏట విశ్రాంతి ఇమ్మని ఇశ్రాయేలీయులకి ఆజ్ఞాపించిన దేవుడు సముద్రానికి దొరికే ఈ విశ్రాంతిని చూసి సంతోషిస్తాడనే అనుకుంటాను. అయితే దాని భారం మన పళ్లెం మీద కన్నా వాళ్ల పొయ్యి మీదే ఎక్కువ పడుతుంది. మనకి కూర మారుతుంది, వాళ్లకి రాబడి ఆగిపోతుంది.

వేటకి వెళ్లే పడవలో వంట సంగతి కూడా చెప్పాలి. రోజుల తరబడి సముద్రంలో ఉండాలి కనుక బియ్యం, పప్పు, నూనె, మంచినీళ్లు, గ్యాసు బండ అన్నీ ఒడ్డునే ఎక్కించుకుంటారు. ఏడెనిమిది మందికి ఒకరు వండుతారు. సరంగైనా కలాసీ అయినా కూర ఒకే గిన్నెలోది. ఎక్కడ తిందామన్న ప్రశ్న అక్కడ లేనే లేదు, ఏం తిందామన్నదానికి వల జవాబు చెప్పాలి. పడ్డ చేపల్లో కొన్ని కూరకని పక్కన పెట్టి మిగతావి ఐసులో వేస్తారు. ఐసులోకి వెళ్లింది అమ్మకానిది. దాని మీద డీజిల్ ఖర్చు, ఐసు ఖర్చు, అప్పు ఉన్నాయి. కూరకని పక్కన పెట్టింది మాత్రం ఆ ఏడెనిమిది మందిది. 2023 నవంబరు 19 రాత్రి హార్బర్‌లో మంటలు రేగి పదుల సంఖ్యలో పడవలు కాలిపోయాయి, వాటిలోని గ్యాసు బండలు పేలాయి. పోయింది ఇంజిన్లూ వలలూ అని అందరం లెక్కలు చెప్పుకున్నాం. ఆ మనుషులు కలిసి వండుకుని తిన్న చోటు కూడా ఆ రాత్రే కాలిపోయింది.

ఇదంతా మనసులో పెట్టుకుని యోహాను చెప్పింది మళ్లీ చదవండి. శిష్యులు ఒడ్డుకి దిగేసరికి నిప్పులు రాజుకుని ఉన్నాయి. వాటి మీద చేప ఉంది, రొట్టె ఉంది. ఆ చేప ఎక్కడిదో యోహాను చెప్పలేదు. వాళ్ల వలతో పని లేకుండానే ప్రభువు వాళ్లకి పెట్టగలడన్నది మాత్రం స్పష్టం. అయినా, ఇప్పుడు మీరు పట్టినవాటిలోంచి కొన్ని తీసుకురమ్మన్నాడు. ఆ చోటికి వచ్చినప్పుడల్లా నేను ఆగిపోతాను. పడవ మీద కూరకని పక్కన పెట్టే చేపల్నే ఆయన అడిగాడు! తనకి అవసరం ఉండి కాదు. తాను పెట్టే భోజనంలో వాళ్ల కష్టానికీ పాలు ఉండాలని అడిగాడు. పెట్టేవాడి ముందు తలవంచుకుని తినే స్థితిలో వాళ్లని ఉంచలేదు. మనలో చాలామందికి పెట్టడం వచ్చు. తినేవాడి చేతిలోదాన్ని కూడా గౌరవంగా అడిగి పుచ్చుకుని, కలిసి కూర్చుని తినడం రాదు.

పేతురు వెళ్లి వల లాగాడు. 153 పెద్ద చేపలు. ఈ అంకె మీద పండితులు చాలా ఆలోచించారు. 1 నుంచి 17 దాకా అంకెలు కూడితే 153 వస్తుందని అగస్టీను దానికొక గూఢార్థం చెప్పాడు. హార్బర్ మనుషులకి అంత దూరం వెళ్లక్కర్లేదు. ఒడ్డుకి చేరిన సరుకుని లెక్క చూడకుండా ఎవరూ వదలరు, ఆ లెక్కలోనే అందరి వాటాలూ ఉన్నాయి. నన్ను ఆశ్చర్యపరిచేది ఆ తర్వాతి సంగతి. లెక్క తేలాక బేరం గురించి యోహాను ఒక్క మాట రాయలేదు. ప్రభువు భోజనానికి రమ్మన్నాడు. తానే రొట్టె తీసి పంచాడు, చేప కూడా పంచాడు. నిన్న మొన్నటి దాకా ఆయన్ని ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురు చెయ్యి కూడా ఆ రొట్టెకోసం చాచింది. నన్ను ప్రేమిస్తున్నావా అన్న ప్రశ్న అతనికి ఎదురైంది భోజనం అయ్యాకే. కడుపు నింపకముందు ప్రభువు ఆ ప్రశ్న వేయలేదు. జవాబు విన్నాక అప్పగించిన పనీ గొర్రెల్ని మేపడమే.

ఈ వాక్యంతో మన ఊరికి పాత బంధం ఉంది. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు విశాఖపట్నం వచ్చింది 1805లో. సువార్తల్ని తెలుగులోకి తెచ్చే పని ఇక్కడే మొదలుపెట్టారు. ఇక్కడ పనిచేసిన ఎడ్వర్డ్ ప్రిచెట్ తెలుగు చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. తిబెరియ ఒడ్డు కథ చదివిన తొలి తెలుగువాళ్లలో వలలు ఆరేసుకునే ఈ తీరం ఎరిగినవాళ్లు ఉండే ఉంటారు.

మళ్లీ గంప ముందు కూర్చున్న ఆ అమ్మ దగ్గరికి వద్దాం. ఆమె ఎప్పుడు తింటుంది? తెల్లవారుజామున వేలంలో కొన్న సరుకు అది, చాలాసార్లు అప్పు తెచ్చిన డబ్బుతో. ఎండెక్కేకొద్దీ ఐసు కరుగుతుంది, చేప మెత్తబడుతుంది, ధర పడిపోతుంది. గంప ఖాళీ అయ్యేదాకా ఆమెకి అన్నం వేళ కాదు. కోనాం, చందువా ఆమె చేతుల మీదుగా మన వంటింటికి వస్తాయి. వాళ్ల ఇంటి పులుసులోకి వెళ్లేది తరచుగా గంపలో మిగిలిపోయిన చిన్న చేప. హోటల్లో కార్డు మీద రాసిన ధరకి మారుమాట లేకుండా డబ్బు కట్టే మనం, ఆమె దగ్గర ఇరవై రూపాయల కోసం పది నిమిషాలు నిలబడి గీసి గీసి బేరమాడతాం. ఇది పాపమే అని చెప్పడానికి నేను వెనకాడను. ఆ ఇరవై ఆమె భోజనంలోంచి తీసుకుంటున్నాం.

"తిన్నావేటమ్మా?" అని ఈసారి ముందు ఆమెని అడగండి. ఆమె లేదు అంటే ఆ మాట విని ఊరుకోకండి. ప్రభువు శిష్యుల దగ్గర లేదన్న జవాబు విన్నాక తల ఊపి వెళ్లిపోలేదు, నిప్పులు రాజేసి ఉంచాడు. హార్బర్ చుట్టుపక్కల ఇడ్లీ బళ్లున్నాయి, అన్నం పెట్టే చిన్న హోటళ్లున్నాయి. ఒక పార్శిల్ తెచ్చి ఆమె పక్కన పెట్టడానికి పెద్ద పరిచర్య ఏర్పాట్లేమీ అక్కర్లేదు. ఆమె తన గంపలోంచి నాలుగు చేపలు కొసరు వేస్తే వద్దనకండి. తెమ్మని అడిగిన ప్రభువుని తలుచుకుని పుచ్చుకోండి.

ఆఫీసులో జరిగే చర్చకి కూడా ఈ వెలుగు కావాలి. మీ గుంపులో ఒకరుంటారు, అందరూ బయలుదేరే వేళకి ఏదో పని ఉందంటారు, కడుపు బాగాలేదంటారు, ఇంటి నుంచి తెచ్చుకున్నానంటారు. కాంట్రాక్టు పనివాడో, కొత్తగా చేరిన అమ్మాయో, నెలాఖరుకి జేబు ఖాళీ అయ్యే గుమాస్తానో. ఎక్కడ తినాలో నిర్ణయించేటప్పుడు ఆ ఒక్కరి జేబుకి అందే చోటు ఎంచుకోండి, లేదా టిఫిన్ డబ్బాలు విప్పి అక్కడే కలిసి తినండి. కొరింథు సంఘంలో కలిగినవాళ్లు ముందే కడుపునిండా తినేసి, లేనివాళ్లు ఆకలితో మిగిలిపోతే, మీరు తింటున్నది ప్రభువు భోజనం కాదని పౌలు గట్టిగా మందలించాడు. ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండమన్నాడు. ఆయన ఆ మాట రాసింది సంఘం బల్ల గురించే. మన టిఫిన్ డబ్బాల దగ్గరికి కూడా దాన్ని రానివ్వాలి.

ప్రార్థన: ప్రభువా, ఈ మధ్యాహ్నం మేము ఎవరితో కలిసి తినాలో మాకు చూపించు. ఈ వేళ సముద్రం మీద ఉన్న పడవల్లో గిన్నె చుట్టూ కూర్చున్నవాళ్లని క్షేమంగా ఒడ్డుకి చేర్చు. మంటల్లో పడవలు పోగొట్టుకున్న ఇళ్లని మరిచిపోకుండా మాకు జ్ఞాపకం చేయి. వేట ఆగిన రోజుల్లో వాళ్ల పొయ్యి ఆరకుండా చూడు, మా చేతుల్ని అందుకు వాడుకో. గంపల ముందు కూర్చున్న మా అమ్మల సరుకు ఎండెక్కకముందే అమ్ముడయ్యేలా చేయి, వాళ్లు వేళకి అన్నం తినేలా చేయి. వాళ్ల దగ్గర బేరమాడే మా నోళ్లని నువ్వే ఆపు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.