వద్దు అనగలిగినప్పుడే రండి అనగలం

అమెరికాలో ఫీనిక్స్, లాస్ వేగాస్ లాంటి నగరాల్లో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు శని, ఆదివారాలు కలిసివస్తే జట్టుగా ఎడారి కాన్యన్లలోకి వెళ్తుంటారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళు కూడా ఉంటారు. కాన్యన్ అంటే గండి. గండికోట దగ్గర పెన్నానది కొండను కోసినట్టే, అక్కడ కొలరాడో నది, దానిలో కలిసే వాగులు ఎర్రరాతిని లక్షల ఏళ్ళుగా కోసుకుంటూ పోయాయి. ముందుగా డబ్బు కడితే గైడు వెంట వస్తాడు. గుడారాలు, తాళ్ళు, హెల్మెట్లు, తాగునీళ్ళు, వంట సామాను అతనే చూసుకుంటాడు. పగలు ఇరుకు రాతి సందుల్లో నడక, తాడు పట్టుకుని దిగడం. రాత్రి నక్షత్రాల కింద పడక. ఆదివారం రాత్రికి ఎవరిళ్ళకు వాళ్ళు. వెళ్ళివచ్చినవాళ్ళు మనసు తేలికపడిందంటారు. అది నిజమే అయి ఉంటుంది. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి రాయి, నీడ, నిశ్శబ్దం మేలే చేస్తాయి. దాన్ని మేము ఎగతాళి చెయ్యం.

మా ప్రశ్న వేరు. ఆ రెండు రోజులు వాళ్ళు ఎవరింట్లో ఉన్నట్టు? ఆ ఇంటివాళ్ళ పట్ల వాళ్ళ బాధ్యత ఏమిటి? డబ్బు కట్టి, తమ చెత్త తాము ఏరుకుని వచ్చేస్తే ఆ బాధ్యత తీరిపోతుందా?

పాడేరు ఏజెన్సీలో పుట్టి, ఆ కొండల్లోనే పాఠాలు చెప్పుకునే మాలాంటివాళ్ళకు అమెరికా ఎడారితో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. పని ఉంది. వంజంగి మబ్బులు చూడడానికి, లంబసింగి చలి చూడడానికి మా కొండల మీద కూడా శనివారం రాత్రి గుడారాలు లేస్తున్నాయి. మాకు ఇప్పుడిప్పుడే ఎదురవుతున్నది అక్కడి ఆదివాసులకు నూరేళ్ళ కిందటే ఎదురైంది. వాళ్ళ అనుభవం మాకు పాఠం.

ముందు గైడు సంగతి చూద్దాం. అరిజోనా రాష్ట్రంలో పేజ్ అనే ఊరి దగ్గర యాంటెలోప్ కాన్యన్ ఉంది. అది నవాజో ఆదివాసుల భూమి. కొన్నిచోట్ల మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టనంత ఇరుకు గండి. 1997 ఆగస్టు 12న అందులోకి దిగిన సందర్శకుల్లో 11 మంది హఠాత్తుగా వచ్చిన వరదలో చనిపోయారు. పెద్దవాన పడింది వాళ్ళ నెత్తిన కాదు, మైళ్ళ దూరంలో, ఎగువన. రాతినేల నీళ్ళను పీల్చుకోదు. పడిన వానంతా వాగుల్లోకి దిగుతుంది, వాగుల నీళ్ళన్నీ ఆ ఇరుకు సందులోకి ఒక్కసారిగా దూసుకొస్తాయి. మా గెడ్డలు ఎరిగినవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. ఊళ్ళో ఎండ కాస్తున్నా పైకొండ నల్లబడితే పిల్లల్ని గెడ్డ దాటనివ్వని తల్లులు మా ఊళ్ళలో ఉన్నారు. యాంటెలోప్ కాన్యన్‌లోకి ఇప్పుడు గైడు లేకుండా ఎవరినీ దిగనివ్వరు.

అంటే సాహసం చేశామని చెప్పుకునేవాళ్ళు క్షేమంగా ఇల్లు చేరడం వెనక, ఆకాశాన్ని వాళ్ళకోసం చదివిన మనిషి ఒకరున్నారు. ఆ చదువులో కొంత శిక్షణలో వస్తుంది. ఎక్కువ భాగం తాతలనుంచి, అవ్వలనుంచి, గొర్రెలు కాసిన రోజులనుంచి వస్తుంది. కూలి డబ్బు ఆ రోజు పనికి ఖరీదు. ఆ తెలివికి కట్టగలిగిన ఖరీదు ఒక్కటే. అతను ఆగమన్నచోట ఆగడం.

ఇక సాహసం అనే మాట. మనిషి కోరి ఎంచుకున్న అపాయానికే ఆ పేరు పెడతారు. ఎంచుకోకుండా నెత్తిన పడిన అపాయానికి ఆ పేరు లేదు. బడికి గెడ్డ దాటి వచ్చే పిల్లకు ఎవరూ హెల్మెట్ ఇవ్వరు. నిండు గర్భిణిని డోలీ కట్టి ఆసుపత్రికి మోసుకుపోయే కొండదారి మీదే ఆదివారం ట్రెక్కింగ్ జట్టు ఫొటోలు దిగుతుంది. దారి ఒక్కటే, రాళ్ళూ అవే. ఒకరికి అది సరదా కావడం తప్పని మేము అనం. ఆ దారి మరొకరికి ఏమిటో తెలుసుకోకుండా నడిచిపోవడం మాత్రం తప్పంటాం.

యూటా, అరిజోనా ఎడారుల్లో నేల మీద నల్లగా, గరుకుగా ఒక పొర కనిపిస్తుంది. చూసేవాళ్ళకు అది ఉత్త మట్టి. నిజానికి కంటికి కనపడని జీవులు, నాచు, శిలీంధ్రాలు కలిసి కట్టిన సజీవమైన పొర అది. ఇసుక గాలికి లేచిపోకుండా పట్టుకునేది, వాన తడిని నిలిపేది అదే. దాని మీద ఒక్క బూటు అడుగు పడితే మళ్ళీ కట్టుకోవడానికి ఏళ్ళూ, దశాబ్దాలూ పడుతుంది. అందుకే గైడు జట్టును రాతి మీద నడవమంటాడు, ఒకరి వెనక ఒకరు రమ్మంటాడు.

ఖాళీగా కనిపించేదల్లా ఖాళీ కాదు. పోడు కొట్టి, మళ్ళీ అడవి రావాలని వదిలేసిన కొండవాలును బీడు అని రాసుకుపోయేవాళ్ళను మా పెద్దలు చూశారు. మనుషుల విషయంలో కూడా ఇదే జరిగింది. గ్రాండ్ కాన్యన్‌లో హవాసుపాయ్ అనే తెగవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. ఆ పేరుకు నీలపు పచ్చ నీళ్ళ జనం అని అర్థం. ఎండాకాలం గండి అడుగున వాగు పక్కన మొక్కజొన్న, చిక్కుళ్ళు, గుమ్మడి పండించుకునేవారు. చలికాలం పైనున్న మైదానానికి ఎక్కి వేటాడేవారు, దుంపలూ గింజలూ ఏరుకునేవారు. 1882లో ప్రభుత్వం వాళ్ళకు గండి అడుగున 518 ఎకరాలు మాత్రం మిగిల్చింది. 1919లో గ్రాండ్ కాన్యన్ జాతీయ పార్కు అయింది. బ్రైట్ ఏంజెల్ బాటలో ఊటనీళ్ళున్న ఒకచోట సాగు చేసుకుంటున్న బిల్లీ బర్రో అనే హవాసుపాయ్ మనిషిని 1928లో అక్కడినుంచి పంపేశారు. ఆయన తోట ఉన్న చోటే తర్వాత నడకదారుల విడిదిగా మారింది. గుడారాలు వేసుకునేవాళ్ళు దాన్ని చాలాకాలం ఇండియన్ గార్డెన్ అని పిలిచారు. తోటలో ఇండియన్ లేడు, పేరులో మాత్రం ఉన్నాడు. 2022లో తెగవాళ్ళు అడగగా దాని పేరు హవాసుపాయ్ గార్డెన్స్‌గా మార్చారు. అంతకుముందు 1975లో చట్టం చేసి, పైమైదానంలో దాదాపు 1,85,000 ఎకరాలు వాళ్ళకు తిరిగి ఇచ్చారు. అంటే గండి ఖాళీగా దొరకలేదు. దాన్ని ఖాళీ చేశారు, ఆ తర్వాత ఖాళీగా ఉందని మెచ్చుకున్నారు.

దీనికి ఎదురువాదం ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యకూడదు. ప్రకృతి అందరిదీ అంటారు. అందరూ చూస్తేనే అందరూ కాపాడతారంటారు. ఇందులో నిజముంది. 1960లలో గ్రాండ్ కాన్యన్‌లో ఆనకట్టలు కట్టాలని పథకం వేస్తే జనం గట్టిగా ఎదిరించారు, అది ఆగిపోయింది. ఆ గండిని చూసి ప్రేమించినవాళ్ళ గొంతు అందులో పనిచేసింది. దానికి ఎగువన గ్లెన్ కాన్యన్‌కు ఆ అదృష్టం లేకపోయింది. దాన్ని చూసినవాళ్ళు కొద్దిమందే. 1963లో ఆనకట్ట తలుపులు మూసుకున్నాయి, ఆ గండి నీళ్ళలో మునిగిపోయింది. పోలవరం కింద కోయల, కొండరెడ్ల ఊళ్ళు మునగడం చూస్తున్న మేము, బయటివాళ్ళ ప్రేమ అక్కరలేదని ఎలా అంటాం?

కాని ప్రేమ ఒక్కటే చాలదు. ఆనకట్టను అడ్డుకున్న ఆ ప్రేమకు బిల్లీ బర్రో తోట కనపడలేదు. తెలుగులో మనం, మేము అని రెండు మాటలున్నాయి. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట. ప్రకృతి మనది అని బయటివాళ్ళు అన్నప్పుడు మేము ఒకటి గమనిస్తాం. అందం చూసే వేళ ఆ మనలో అందరూ ఉంటారు. గెడ్డ పొంగినప్పుడు, డోలీ మోసేటప్పుడు, ఊటనీరు ఇంకినప్పుడు ఆ మనలో మేమే మిగులుతాం. మనం అనే మాట వాడాలంటే రెండో వేళలో కూడా అందులో ఉండాలి. ఉండలేనివాళ్ళు చుట్టాలు. చుట్టరికం తక్కువదేమీ కాదు. దానికి దాని మర్యాద ఉంది.

ఆ మర్యాదకు మూలం ఏమిటి? ఇంటివాళ్ళకు వద్దు అనే హక్కు ఉండడం. వద్దు అనలేనివాడు రండి అంటే అది ఆతిథ్యం కాదు, నౌకరీ. ఇది చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు.

హవాసుపాయ్‌ల ఊరు సుపాయ్‌కి నేటికీ రోడ్డు లేదు. దాదాపు 13 కిలోమీటర్లు నడిచి దిగాలి. ఉత్తరాలు కంచరగాడిదల మీద వస్తాయి. అక్కడి జలపాతాలు చూడడానికి వచ్చే సందర్శకులే ఆ తెగకు ముఖ్యమైన ఆదాయం. అయినా 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు వాళ్ళు దారి మూసేశారు. 2023 ఫిబ్రవరిదాకా తెరవలేదు. ముందే డబ్బు కట్టుకున్నవాళ్ళు ఎదురుచూశారు. తమ ముసలివాళ్ళ ప్రాణం ముందు, జలపాతం తర్వాత అని ఆ తెగ నిర్ణయించుకుంది. నిర్ణయించుకోగలిగింది, ఎందుకంటే ఆ భూమి వాళ్ళ చేతిలో ఉంది.

రెండోది యూటాలోని రెయిన్‌బో బ్రిడ్జ్. వాగు తొలిచిన పెద్ద రాతి తోరణం అది. నవాజోలకు, చుట్టుపక్కల తెగలకు పవిత్రమైన చోటు. గ్లెన్ కాన్యన్ ఆనకట్ట వెనక నీళ్ళు నిలిచాక పడవల మీద జనం సులువుగా రాసాగారు. నవాజోలు కోర్టుకు వెళ్ళారు. 1980లో అప్పీలు కోర్టు వాళ్ళ వాదన ఒప్పుకోలేదు. ఇప్పుడు పార్కువాళ్ళు తోరణం కిందినుంచి నడవవద్దని సందర్శకులను కోరుతున్నారు. అది కోరిక మాత్రమే. అక్కడ వద్దు అనే హక్కు ఇంటివాళ్ళకు లేదు. అంతా వచ్చినవాళ్ళ మర్యాద మీదే నిలిచి ఉంది. చాలామంది ఆగుతారు, కొందరు ఆగరు. సుపాయ్ తలుపుకు గడియ ఉంది, రెయిన్‌బో బ్రిడ్జ్‌కు లేదు. తేడా అంతే.

మన సంగతికి వస్తే, గడియ మన దగ్గర ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం చెప్పింది. బొర్రా ప్రాంతపు గనుల తగాదాలో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు దాన్ని ఇంకా గట్టిపరిచింది. 1996 పెసా చట్టం గ్రామసభకు నోరిచ్చింది. ఆ గడియ వెయ్యాలా తియ్యాలా అన్నది మన పని. బినామీ పేరు మీద మన కుర్రవాడు సంతకం పెడితే, గడియ లోపలినుంచి తీసినట్టే.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. గుడారాల వ్యాపారం మన పిల్లలే చేస్తే చాలు, అంతా సవ్యంగా ఉంటుందని కొందరు అనుకుంటున్నారు. మన పిల్లలకు నాలుగు రూపాయలు రావడం మంచిదే. పట్నం వలసపోయే పని తప్పుతుంది. కాని ఆదివాసీ చేతిలో ఉన్నంతమాత్రాన వ్యాపారం మర్యాద అయిపోదు. చలిమంట చుట్టూ థింసా ఆడమని డబ్బిస్తే మన ఆడపిల్లల్ని పిలిచేది కూడా మనవాడే. పండుగకు ఊరంతా చెయ్యి చెయ్యి పట్టుకుని ఆడే ఆట అది. ఎవరో అడిగితే పదినిమిషాలు ఆడి ఆపేసేది కాదు. కాబట్టి వద్దు అనే మాట బయటివాళ్ళతో పాటు మనవాళ్ళకూ వర్తించాలి.

గ్రామసభలో కూర్చుని తేల్చుకోవలసినవి పెద్ద విషయాలేమీ కావు. ఊటనీటికి ఎంత దూరంలో గుడారం ఉండాలి. ఏ రోజు ఎంతమందిని రానివ్వాలి. ఊరిదేవత ఉన్న తోపులోకి ఎవరూ వెళ్ళకూడదని ఎవరు చెప్పాలి. ఇటుకల పండుగ రోజుల్లో కొండను ఊరికే వదిలేయాలా. స్నానాల రేవు వైపు కెమెరా తిప్పేవాణ్ణి ఏం చెయ్యాలి. వానాకాలం గెడ్డ దాటే పర్యటనలు ఆపేద్దామా. ఇవి మనం తేల్చకపోతే వేరేవాళ్ళు తేలుస్తారు. తర్వాత మన కొండమీదికి మనమే టిక్కెట్టు కొనుక్కోవాలి.

వచ్చేవాళ్ళకు మేము చెప్పేది కూడా చిన్నదే. రండి. రాయి చూడండి, మబ్బు చూడండి. గైడు ఆగమంటే ఎందుకని అడగకముందే ఆగండి, తర్వాత అడగండి, చెబుతాడు. ఈ కొండ పేరేమిటని అడగండి. ఆ పేరు పెట్టినవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారని కూడా అడగండి. కొండ మూసి ఉందని ఊరివాళ్ళు చెబితే కోపం తెచ్చుకోకండి. ఆ ఊరు ఇంకా బతికే ఉందని దాని అర్థం.

మా బళ్ళలో పిల్లలకు వెల్‌కమ్ అని పలకడం, నల్లబల్ల మీద రాయడం నేర్పుతున్నాం. అది అవసరమే. దానితోపాటు ఇక్కడిదాకే అనే మాటను కూడా, తల దించుకోకుండా, గొంతు పెంచకుండా చెప్పడం నేర్పాలి. ఆ రెండు మాటలూ వచ్చిన పిల్లలే రేపు ఈ కొండలకు మంచి గైడులవుతారు.